మళ్ళీ ఎప్పుడొస్తారు మేడం?



మీ అమ్మాయి పదో తరగతి పూర్తి చేసింది, ఏ గ్రూపు తీసుకోవాలన్న ప్రశ్న వచ్చింది అనుకోండి. సలహా కోసం మీరు ఎంతమందికి ఫోన్ చేయగలరో ఒకసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి. బెంగళూరులో ఉద్యోగం చేసే పిన్ని, మెడిసిన్ చదువుతున్న మేనకోడలు, సీఏ చేసిన ఆఫీసు మిత్రుడు, పై అంతస్తులో ఉండే లెక్చరర్, మన బడిలోని కౌన్సెలర్. ఒక చేతి వేళ్ళు చాలవు. రెండో చెయ్యి కూడా తీయాలి.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురిని తలుచుకోండి. ఆ అమ్మాయిదీ పదో తరగతే. తెలివికి లోటు లేదు. కానీ ఆ ఇంట్లో ఇప్పటికే అందరికంటే ఎక్కువ చదివిన మనిషి ఆమే. ఆ దారిలో తనకంటే ముందు నడిచినవాళ్ళు చుట్టాల్లో ఎవరూ లేరు. ఆ అమ్మాయి ఎవరికి ఫోన్ చేస్తుంది?

ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది ఆ ఫోన్ నంబర్ గురించే. మనలో చాలామందిమి ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నాం. ఆ అమ్మాయికి లేని పెద్దదిక్కు మనలోనే ఉంది. ఇంగ్లీషులో మెంటర్ అంటున్నాం. మన ఇళ్ళలో అయితే 'అక్క' అంటే సరిపోతుంది.

నేను చేసిన తప్పు

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నాలుగేళ్ళ కిందట మా ఆఫీసు నుంచి పాతికమందిమి ఊరి చివర ఉన్న ఒక ప్రభుత్వ బాలికల హైస్కూలుకు వెళ్ళాం. బస్సు పెట్టారు. అందరికీ ఒకే రంగు టీషర్టులు. గోడలకు రంగులు వేశాం, నోటు పుస్తకాలు పంచాం, పెద్దయ్యాక ఏమవుతారని పిల్లల్ని అడిగాం. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అన్న అమ్మాయికి గట్టిగా చప్పట్లు కొట్టాం. కానిస్టేబుల్ అన్న అమ్మాయికి కాస్త తక్కువ కొట్టాం. అప్పుడు నాకది తప్పనిపించలేదు.

మధ్యాహ్నం ఒక్కొక్కరం నలుగురైదుగురు పిల్లలతో కూర్చున్నాం. నా పక్కన కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి లెక్కల్లో చురుకైనది. గంటసేపు ఏవేవో మాట్లాడాక, అందరూ లేచాక, మెల్లగా అసలు మాట చెప్పింది. పాలిటెక్నిక్ అంటే ఏమిటో తెలుసుకోవాలని ఉందట. ఇంట్లో మాత్రం పది అయితే చాలంటున్నారట. నేనేం చెప్పాను? "బాగా చదువుకోమ్మా, అంతా మంచే జరుగుతుంది" అన్నాను. అంతలో బస్సు హారన్ వినిపించింది.

"మళ్ళీ ఎప్పుడొస్తారు మేడం?" అని అడిగింది.

"తప్పకుండా వస్తాను" అన్నాను.

వెళ్ళలేదు. క్వార్టర్ క్లోజింగ్ వచ్చింది, ఆడిట్ వచ్చింది, మా అమ్మాయి పరీక్షలు వచ్చాయి. మరుసటి ఏడాది మా ఆఫీసు బస్సు వేరే బడికి వెళ్ళింది. రెండేళ్ళ తర్వాత మనసొప్పక హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోన్ చేశాను. "పది పాసైందండీ. ఆ తర్వాత ఎక్కడ చేరిందో, అసలు చేరిందో లేదో తెలియదు" అన్నారు. నాకూ ఈరోజుకీ తెలియదు. ఆరోజు ఫొటోలు మాత్రం మా ఆఫీసు కారిడార్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

ఒక్క రోజు సాయం వల్ల నష్టమేముంది, ఎంతో కొంత మంచే కదా అనుకునేదాన్ని. అమెరికాలో గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనం చదివాక ఆ మాట అనలేకపోతున్నాను. మెంటర్లతో జతపరిచిన పిల్లల్ని వాళ్ళు గమనించారు. ఏడాది, అంతకు మించి సాగిన స్నేహాల్లో పిల్లలకు అన్నిటికంటే ఎక్కువ మేలు జరిగింది. మొదటి మూడు నెలల్లోనే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం మునుపటికంటే తగ్గింది. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. వస్తానని చెప్పి రాని మనిషి కోసం ఎదురుచూసిన పిల్ల, తప్పు తనలోనే ఉందనుకుంటుంది.

అందుకే నా వాదన ఒక్కటే. ఆడపిల్లలకు అండగా నిలిచే పనిని పెంచాలంటే ముందు పెంచాల్సింది వాలంటీర్ల తలకాయల లెక్క కాదు, వాళ్ళు నిలబడే కాలం. ఒంటరి మనిషికి ఆ నిలకడ కష్టం. ఆఫీసు పూనుకుంటే సాధ్యం.

ఒక అక్క కనబడితే ఏం మారుతుంది?

"మాటలతో జీవితాలు మారతాయా?" అని మీరు అడగవచ్చు. మన దేశంలోనే జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. పశ్చిమ బెంగాల్‌లో గ్రామ పంచాయతీ ప్రధాన్ పదవులను కొన్ని ఊళ్ళలో మహిళలకు రిజర్వు చేశారు. 495 గ్రామాలను పరిశీలించి ఎస్తేర్ డఫ్లో, ఆమె సహ పరిశోధకులు 2012లో 'సైన్స్' పత్రికలో ఫలితాలు ప్రకటించారు. కొడుకు విషయంలో పెట్టుకున్నంత ఆశ కూతురి విషయంలో తల్లిదండ్రులు పెట్టుకోరు కదా. వరసగా రెండుసార్లు ప్రధాన్ పదవి మహిళలకు రిజర్వయిన ఊళ్ళలో ఆ తేడా 25 శాతం తగ్గింది. పిల్లలు తమ గురించి తాము పెట్టుకునే ఆశల్లో తేడా 32 శాతం తగ్గింది. చదువులో అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఉన్న అంతరం పూర్తిగా పోయింది. ఆడపిల్లలు ఇంటిపనికి పెట్టే సమయం కూడా తగ్గింది.

ఆ ఊళ్ళలో ఆడపిల్లలకు కొత్తగా ఉద్యోగాలేమీ పుట్టుకు రాలేదు. పెద్ద పదవిలో ఒక ఆడమనిషిని వాళ్ళు రోజూ చూశారు. వాళ్ళ అమ్మానాన్నలూ చూశారు. ఒక్కసారి చూస్తే చాలలేదన్నదీ గుర్తుంచుకోవాలి. రెండు దఫాలు చూశాకే ఈ మార్పు వచ్చింది.

మన రెండు రాష్ట్రాల్లో దీని అవసరం ఎంతో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ వయసున్న మహిళల్లో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. హైటెక్ సిటీ అద్దాల మేడలకు గంట ప్రయాణం దూరంలోనే ఈ లెక్కలోని పిల్లలు ఉన్నారు. "పది అయితే చాలు" అన్న మాట వెనక తరచుగా ఉండేది ఈ పెళ్ళి మాటే.

ఆ గంటలో ఏం మాట్లాడాలి?

"కలలు కనండి" అన్న ఉపన్యాసం ఆ పిల్లలు చాలాసార్లు విన్నారు. వాళ్ళకు కావలసింది మనం మన పిల్లలకు భోజనాల బల్ల దగ్గర మామూలుగా చెప్పే విషయాలు.

ఎనిమిదో తరగతిలో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల బడుల్లో చదువుతూ, కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు మించని పిల్లలు రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. పది తర్వాత పాలిసెట్ రాస్తే డిప్లొమా దారి ఉంది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ ఇంటిగ్రేటెడ్ బీటెక్‌లో చేర్చుకునే ట్రిపుల్ ఐటీలు బాసరలో, నూజివీడులో, ఇడుపులపాయలో, ఒంగోలులో, శ్రీకాకుళంలో ఉన్నాయి. డిప్లొమాలోనో బీటెక్‌లోనో చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఏటా 50,000 రూపాయలు ఇస్తుంది. ఐఐటీల్లో ఆడపిల్లల కోసం 2018 నుంచి అదనపు సీట్లు పెట్టారు.

ఇవన్నీ ఉన్నాయి. ఉన్నాయని సమయానికి చెప్పే మనిషే లేరు. చెప్పినా సరిపోదు. ఆధార్‌లో ఒక పుట్టిన తేదీ, పదో తరగతి మెమోలో ఇంకో తేదీ ఉంటే దరఖాస్తు ఆగిపోతుంది. ఆదాయ ధ్రువపత్రం పాతదైపోతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు కాలేదంటారు. మనకు పది నిమిషాల పని, ఆ ఇంట్లో మూడు రోజుల కూలీ. తండ్రి పని మానుకుని మీ సేవ చుట్టూ, సచివాలయం చుట్టూ తిరగాలి. ఆ సమయంలో పక్కన కూర్చుని ఫారం నింపడం కూడా మెంటరింగే. ఒక్కోసారి అదే అసలు మెంటరింగ్.

ఇంకొక మాట. మన కలలు వాళ్ళ మీద రుద్దవద్దు. కానిస్టేబుల్ అవుతానన్న అమ్మాయికి కానిస్టేబుల్ పరీక్ష ఎలా ఉంటుందో, దేహదారుఢ్య పరీక్షలో ఏమడుగుతారో కనుక్కుని చెప్పండి. మన ఆఫీసు చూపించడానికి తీసుకొచ్చినప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్ళతోపాటు అకౌంట్స్ చూసే ఆవిడనూ, ల్యాబ్‌లో పనిచేసే ఆవిడనూ, గేటు దగ్గర సెక్యూరిటీలో నిలబడ్డ ఆవిడనూ పరిచయం చేయండి. జీతంతో తన కాళ్ళ మీద తాను నిలబడే ఆడమనిషి ఎన్ని రకాలుగా ఉంటుందో వాళ్ళు చూడాలి.

ఆఫీసు ఏం చేయగలదు?

కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు లేదా టర్నోవర్ 1000 కోట్లు లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. దాంతో బడులకు బెంచీలు వచ్చాయి, టాయిలెట్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. మంచిదే. కానీ చట్టం అడిగేది డబ్బు లెక్క. ఉద్యోగుల గంటల లెక్క ఎవరూ అడగరు. అది మనం అడగాలి.

లెక్క వేసి చూద్దాం. రెండు వారాలకొక శనివారం, రెండేసి గంటలు. దసరా, సంక్రాంతి, పరీక్షలు తీసేస్తే విద్యా సంవత్సరంలో 15 సార్లు కుదురుతుంది. మొత్తం 30 గంటలు. అంటే నాలుగు పనిదినాలు కూడా కాదు. చాలా కార్పొరేట్ ఆఫీసులకు శనివారం సెలవు. ప్రభుత్వ బడులు రెండో శనివారం తప్ప మిగతావి నడుస్తాయి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో అయితే పిల్లలు హాస్టల్‌లోనే ఉంటారు. చదువు మానేసే ప్రమాదం ఉన్న ఆడపిల్లల కోసం 2004లో మొదలైన బడులవి. వేళ కుదుర్చుకోవడం పెద్ద సమస్య కాదు.

వాలంటీర్లను ఒక్కొక్కరిగా కాకుండా జంటలుగా పంపాలి. ఇద్దరికి కలిపి అయిదుగురు అమ్మాయిలు. ఒకరికి ఊరెళ్ళే పనిబడితే రెండోవారు వెళ్తారు. పిల్లల శనివారం మాత్రం తప్పదు. ఇరవైమంది ముందుకొస్తే పది జంటలు, యాభైమంది అమ్మాయిలు. మొదటి ఏడాది ఒక్క బడి చాలు, ఒక్క తరగతి చాలు. తొమ్మిదిలో మొదలుపెట్టి, పది దాటి ఏదో ఒక కోర్సులో చేరేదాకా అదే పిల్లలతో ఉండాలి. రెండో ఏడాది కొత్త జంటలు కొత్త తొమ్మిదో తరగతితో మొదలుపెడతాయి. ఈ పని అలా పెరగాలి. అయిదు బడుల్లో బ్యానర్లు కట్టి కాదు.

ఆఫీసు వల్ల మాత్రమే అయ్యేది ఇంకొకటి ఉంది. మనం ఉద్యోగాలు మారతాం. మారినప్పుడు మన ప్రాజెక్టును ఇంకొకరికి అప్పగించి వెళ్తాం కదా. ఈ పనినీ అలాగే అప్పగించాలి. వెళ్ళేవారు కొత్తవారిని వెంటబెట్టుకుని వెళ్ళి పిల్లలకు పరిచయం చేసి, చెప్పి, సెలవు తీసుకోవాలి. చెప్పి వెళ్ళడానికీ మాయమవడానికీ చాలా తేడా ఉంది. మేనేజర్ కూడా ఆ రెండు గంటలను పనిగానే చూడాలి. శుక్రవారం రాత్రి "రేపు ఒక చిన్న కాల్" అని పిలవకూడదు.

కొన్ని కట్టుబాట్లు

మన పిల్లల బడిలోకి ముక్కూమొహం తెలియని పెద్దవాళ్ళు వస్తే మనం ఊరుకోం. ఆ పిల్లల విషయంలోనూ అంతే పట్టింపు ఉండాలి. హెడ్‌మాస్టర్, జిల్లా విద్యాశాఖ అధికారి అనుమతి, కస్తూర్బా బడి అయితే స్పెషల్ ఆఫీసర్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. కలిసేది బడిలోనే, టీచర్లకు కనబడే చోటనే. ఒక పెద్ద, ఒక పిల్ల తలుపు మూసిన గదిలో కూర్చోకూడదు. పిల్లలతో వ్యక్తిగత ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవద్దు. ఏ సంగతైనా టీచర్ ద్వారా నడవాలి. ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టవద్దు.

ఏ అమ్మాయైనా తన మీద జరిగిన లైంగిక వేధింపు గురించి చెబితే అది మన ఇద్దరి మధ్య రహస్యం కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేసి తీరాలి. బాల్య వివాహం ప్రయత్నమో మరే ఆపదో కనబడితే 1098కి ఫోన్ చేయవచ్చు. ఈ సంగతులు వాలంటీర్లకు మొదటి రోజుకు ముందే, ఒక పూట కూర్చోబెట్టి చెప్పాలి.

మీ సందేహాలు నాకు తెలుసు

"మా పిల్లలకే సమయం ఇవ్వలేకపోతున్నాం" అంటారు. నిజమే, అందుకే పక్షానికి రెండు గంటలకు మించి అడగడం లేదు. అది కూడా కుదరనివాళ్ళు ఒప్పుకోవద్దు. రానని చెప్పినవారి వల్ల ఏ పిల్లకూ బాధ లేదు. వస్తానని రానివారి వల్లే బాధ.

"అది టీచర్ల పని కదా" అంటారు. ఆ టీచర్లు చేస్తూనే ఉన్నారు. అరవైమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి దరఖాస్తు దగ్గర కూర్చోవడం వాళ్ళకు కుదరదు. మనం వాళ్ళకు తోడుగా వెళ్తున్నాం, తనిఖీకి కాదు.

"మగవాళ్ళం మేమేం చేయగలం?" అని అడిగేవాళ్ళు ఉన్నారు. జంటలో ఒకరు ఆడవారైతే రెండోవారు మీరు కావచ్చు. మరీ ముఖ్యంగా ఆ అమ్మాయి నాన్నతో మాట్లాడేటప్పుడు మీ మాట చెల్లుతుంది. కూతుర్ని చదివిస్తున్న ఒక తండ్రి ఇంకో తండ్రితో పక్కన కూర్చుని మాట్లాడటం ఏ ఉపన్యాసం కన్నా గట్టిగా పనిచేస్తుంది.

ఇంకొందరు "మా అమ్మాయిని కూడా పంపుతాం, విదేశీ యూనివర్సిటీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఉంటుంది" అంటారు. దయచేసి వద్దు. సర్టిఫికెట్ చేతికి రాగానే ఆగిపోయే స్నేహం ఆ పిల్లలకు అక్కరలేదు. మీరు ఏడాది పొడవునా వెళ్ళండి. మీ అమ్మాయి ఇంట్లో నుంచే చూస్తుంది, తనకు కావలసింది నేర్చుకుంటుంది.

ఈ నెలలో ఒక పని

కొత్త విద్యా సంవత్సరం మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్లలు అప్పుడే కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్నారు. మీ ఆఫీసులో హెచ్‌ఆర్ వారిని రెండు ప్రశ్నలు అడగండి. మనం పోయినేడు వెళ్ళిన బడి ఏది? ఈ ఏడాది మళ్ళీ అక్కడికే వెళ్తున్నామా? రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే మీరే మొదలుపెట్టండి. మీది పదిమంది పనిచేసే చిన్న సంస్థ అయినా సరే, రెండు జంటలు తయారైతే పదిమంది అమ్మాయిలు.

నేను ఈ జూన్‌లో మళ్ళీ మొదలుపెట్టాను, నా సహోద్యోగితో జంటగా, ఆనాటి ఆ బడికే. అయిదుగురు అమ్మాయిలు. నేను మాట నిలబెట్టుకోని ఆ అమ్మాయి వాళ్ళలో ఉండదని తెలుసు. మొదటి శనివారం బయల్దేరుతుంటే ఒక పిల్ల అదే ప్రశ్న అడిగింది.

ఈసారి క్యాలెండర్ తీసి తేదీ చూపించాను. ఆ తేదీని బోర్డు మూల సుద్దముక్కతో తనే రాసుకుంది.